ఐసు మీద అప్పగింతలు

పోయినవారం మిమ్మల్ని మా వంటింటి గుమ్మంలో నిలబెట్టి వెళ్ళిపోయాను. తిట్టుకునే ఉంటారు. ఏం చెయ్యను, ఆ గుమ్మం దాటి లోపలికి రావడానికి నాకే ధైర్యం చాలలేదు.

కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. నా పేరు రత్నకుమారి. పుట్టిల్లు చీరాల, ఉంటున్నది మెల్‌బోర్న్ పాయింట్ కుక్‌లో. మా ఆయన ఉమామహేశ్వరరావు ఎముకల డాక్టరు. మా పెరట్లో ఉన్న చిన్న ఇంట్లో మూడేళ్ళుగా ఇద్దరు చైనా పిల్లలు అద్దెకుంటున్నారు, జింగ్, బోవెన్. ఐసు మీద జంటగా స్కేటింగ్ చేస్తారు. అంటే అబ్బాయి అమ్మాయిని ఒంటిచేత్తో తలపైకి ఎత్తి, గిర్రున తిరుగుతూ రింకంతా, ఆ ఐసు మైదానమంతా చుట్టొస్తాడు. నడుం పట్టి విసిరితే ఆ పిల్ల గాల్లో మూడు చుట్లు తిరిగి ఒంటికాలి మీద దిగుతుంది. మొదటిసారి చూసినప్పుడు నేను కళ్ళు మూసుకుని దండకం చదువుకున్నాను.

ఆ ఎత్తే చెయ్యి, బోవెన్ కుడిచెయ్యి, ఇక పనికిరాదని మా ఆయన స్కాన్ చూసి చెప్పేశారు. భుజంలో కండని ఎముకకి కట్టి ఉంచే టెండన్ దాదాపు తెగిపోయింది. ఆపరేషన్ చేయించుకుంటే అన్నం కలుపుకోవచ్చు, కారు నడుపుకోవచ్చు, మనిషిని మాత్రం ఎత్తకూడదు. "ఇంకోసారి ఎత్తావంటే ఆ చెయ్యి ఎప్పుడు జారుతుందో నీకే తెలీదు. కిందపడేది నువ్వు కాదు" అన్నారు. బోవెన్ తలూపాడు. జింగ్‌కి తనే చెబుతానని, అందాకా మేం నోరు విప్పకూడదని మా ఇద్దరి దగ్గరా మాట తీసుకున్నాడు. కాలు బెణికిందని అబద్ధం చెప్పి ప్రాక్టీసు మానేశాడు.

నా నోట్లో నువ్వుగింజ నానదని మా అత్తగారు పోయేదాకా అంటూనే ఉన్నారు. అలాంటి నేను వారం రోజులు ఆ మాట కడుపులో పెట్టుకు తిరిగాను. మంగళవారం పొద్దున ఇద్దరూ పెసరట్లు తినడానికి వచ్చారు. జింగ్ గుమ్మంలోనే ఆగి, "ఆంటీ, బోవెన్ నాతో ఏదో మాట్లాడాలట, మీ ఎదురుగానే చెబుతాడట" అంది. అక్కడ ఆపాను. వాళ్ళు మాట్లాడేది ఇంగ్లీషే, నేను మీకు తెలుగులో చెబుతున్నాను.

మా ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. బోవెన్ కూర్చోలేదు. కుడిచెయ్యి జాకెట్ జేబులో పెట్టుకుని ఫ్రిజ్‌కి ఆనుకుని నిలబడ్డాడు. నేను అట్టు తిరగేస్తూ, చెప్పు నాయనా, చెప్పేసెయ్, ఒక్కసారి ఏడ్చేస్తే పోతుంది అని మనసులో అనుకుంటున్నాను.

"నేను కొత్త పార్ట్‌నర్‌ని చూసుకున్నాను" అన్నాడు.

నా చేతిలో అట్లకాడ అలాగే ఆగిపోయింది. మా ఆయన నా వంక చూశారు, నేను ఆయన వంక చూశాను.

"ఎవరు?" అంది జింగ్.

"మన ఊరి పిల్లే. పదిహేనేళ్ళు. నీకంటే పొట్టి, నీకంటే తేలిక. నువ్వు బరువైపోయావు జింగ్. నిన్ను ఎత్తడం నావల్ల కావడం లేదు."

ఈ మాట ఆ పిల్లకి ఎంత లోతుగా దిగుతుందో మీకు తెలియాలంటే పాత కథ కొంచెం చెప్పాలి. చైనాలో వాళ్ళ ఊరు హార్బిన్‌లో మొదలుపెట్టేనాటికి జింగ్‌కి ఆరేళ్ళు, బోవెన్‌కి పదేళ్ళు. గావ్ మేడమ్ అనే కోచ్ పిల్లలందర్నీ వరసగా నిలబెట్టి, ముక్కు కారుతున్న ఈ బుల్లిదాని చెయ్యి తీసి వాడి చేతిలో పెట్టింది. మొదటి ఏడాదంతా ఎత్తడాలూ విసరడాలూ ఏమీ లేవు. చెయ్యి వదలకుండా ఇద్దరూ ఒకే అడుగు వెయ్యాలి, అంతే. తర్వాత హాస్టల్ మెట్లమీద ఆ పిల్లని భుజాన కూర్చోబెట్టుకుని ఎక్కీ దిగీ వాడి ఒళ్ళు గట్టిపడింది. నడుముకి తాడు కట్టి పైకి లాగితే గాల్లో తిరగడం నేర్చుకుని ఈ పిల్ల ఒళ్ళు గట్టిపడింది. జూనియర్ల ప్రపంచ పోటీలో మూడో స్థానంలో నిలబడ్డారు. ఆ మరుసటేడాదే జింగ్ పొడుగెదిగింది. జంట స్కేటింగ్‌లో ఆడపిల్ల ఎదిగితే నేరం. జట్టు పెద్దలు బోవెన్‌ని పిలిచి, "ఈమె బరువైంది, నీకు చిన్నపిల్లని ఇస్తాం" అన్నారు. వాడు ఒప్పుకోలేదు. జట్టునే వదులుకున్నాడు. గావ్ మేడమ్ మెల్‌బోర్న్‌లో కోచ్‌గా చేరితే ఆమె వెనకాలే ఇద్దరూ వచ్చేశారు. ఈ దేశం తరఫున ఆడాలని రాత్రింబవళ్ళు కష్టపడ్డారు.

అలాంటి పిల్లాడు, ఆనాడు వాళ్ళన్న మాటనే ఈనాడు తన నోటితో అన్నాడు. పుండు మీద కారం చల్లినట్టుంది నాకు. స్టవ్ కట్టేశాను.

"ఏరా, బుద్ధుందా నీకు? ఎవర్రా బరువు? గాలేస్తే ఎగిరిపోయేలా ఉంది పిల్ల!" అని తెలుగులోనే అరిచాను. వాడికి అర్థం కాకపోయినా నా గొంతు అర్థమైంది. తల దించుకున్నాడు.

"రత్నం, ప్లీజ్. నువ్వు మధ్యలోకి రాకు. వాళ్ళని మాట్లాడుకోనీ" అన్నారు మా ఆయన.

"మీరూరుకోండి! ఇంత పచ్చి అబద్ధం నా వంటింట్లో..."

"ఆంటీ" అంది జింగ్. మెల్లగానే అంది. నేను నోరు మూసుకున్నాను.

ఆ పిల్ల కుర్చీ లాక్కుని కూర్చుంది. పెసరట్టు పళ్ళెం ముందుకు జరుపుకుంది. పెద్ద ముక్క తుంచి, అల్లం పచ్చడిలో ముంచి, బోవెన్ మొహం వంకే చూస్తూ నోట్లో పెట్టుకుంది. ఇంకో ముక్క. ఇంకోటి. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నాయి, తింటూనే ఉంది. చలికాలం మొదలైనప్పటి నుంచి నా ఇంట్లో ఆ పిల్ల కడుపునిండా తిన్నది లేదు. "వొద్దు ఆంటీ, చాలు ఆంటీ", నా దగ్గర నేర్చుకున్న తెలుగంతా ఆ రెండు మాటలే. నా వంట నచ్చడంలేదని నేను అలిగాను కూడా.

అట్టు సగం అయ్యాక చెయ్యి ఆపింది.

"నేను ఎందుకు తినడం లేదో నీకు తెలుసా బోవెన్?"

వాడు జేబులో చెయ్యి ఇంకా లోపలికి తోసుకున్నాడు.

"నన్ను ఎత్తేముందు నువ్వు ఊపిరి బిగబడుతున్నావు. ఇదివరకు వదిలేవాడివి. పైన నా చేతికింద నీ చెయ్యి వణుకుతోంది. దించేటప్పుడు ఎడమచేత్తో పట్టేసుకుంటున్నావు. కింద నిలబడి చూసేవాళ్ళకి తెలీదు. మేడమ్‌కి కూడా తెలీదు. పైనున్నదాన్ని నేను, నాకు తెలీదా? పదిహేడేళ్ళు ఆ చెయ్యి మీద బతికాను. నీ భుజం పోయిందని నీకంటే ముందు నాకు తెలుసు."

జింగ్ పళ్ళెం పక్కకి జరిపింది.

"నువ్వే చెబుతావని చూశాను. నొప్పిగా ఉందని ఒక్క మాట అంటావని రోజూ చూశాను. అనలేదు. సరే, నేనైనా తేలికైతే నీకు కాస్త సులువవుతుంది కదా అని తినడం మానేశాను. నువ్వేమో..." అని ఆగి, ముక్కు తుడుచుకుంది. "అన్ని మాటలున్నాయి కదా బోవెన్. ఆ మాటే దొరికిందా నీకు?"

నేను అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయాను. అమ్మాయి తినడంలేదని నేను ఆడిపోసుకున్న ప్రతి పూటా గుర్తొచ్చింది.

బోవెన్ ఫ్రిజ్ దగ్గర్నుంచి కదిలి వచ్చి, జింగ్ ఎదురుగా నేలమీద కూలబడ్డాడు. అంత ఎత్తు మనిషి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"నిజం చెబితే నువ్వు కూడా మానేస్తావు" అన్నాడు.

"మానేస్తాను."

"అందుకే చెప్పలేదు. నామీద అసహ్యం పుడితేనైనా ఇంకొకరితో ఆడతావనుకున్నాను. నీ కాళ్ళు బావున్నాయి, నీ నడుం బావుంది. నీకు ఇంకా పదేళ్ళ ఆట ఉంది జింగ్."

"ఎవరితో ఆడను? మార్కెట్‌లో దొరుకుతారా?"

వాడు మా ఆయన వంక ఓసారి చూసి, ఉన్నదంతా కక్కేశాడు. బ్రిస్బేన్ కుర్రాడు ఒకడున్నాడట, లియామ్ అని. వాడి జత అమ్మాయి యూనివర్సిటీలో చేరిపోయి ఆట మానేసింది. శనివారం కెనడా వెళ్ళి అక్కడో అమ్మాయితో జత కుదురుతుందేమో చూసుకోబోతున్నాడు. ఆలోగా వాణ్ణి జింగ్‌తో ఒక్కసారి ఆడించి చూడమని బోవెనే గావ్ మేడమ్ కాళ్ళావేళ్ళా పడ్డాడు. లియామ్ ఇవాళ మధ్యాహ్నం రింక్‌కి వస్తున్నాడు. వాడికి నచ్చితే కెనడా ప్రయాణం మానుకుంటాడు. లేకపోతే ఈ దేశంలో జింగ్‌ని ఎత్తగలిగే మగపిల్లాడు ఇంకొకడు లేడు.

"నేను రాను" అంది జింగ్.

"జింగ్..."

"ఆ రోజు నువ్వు నన్ను వదల్లేదు. ఇవాళ నేను నిన్ను వదిలెయ్యాలా? నాకు సిగ్గు లేదనుకున్నావా?"

"ఆ రోజు నిన్ను వదలకపోవడం నీమీద జాలితో కాదు" అన్నాడు వాడు. "నువ్వు ఐసుమీద దిగితే చూడాలని. నాకు అంతే కావాలి. అప్పుడైనా ఇప్పుడైనా అంతే. నా భుజంతోపాటు నిన్ను కూడా పాతిపెట్టమంటావా?"

మా ఆయన మామూలుగా ఎవరి విషయంలోనూ తలదూర్చరు. ఆయనే లేచి, జింగ్ తలమీద చెయ్యి పెట్టి, "ఒకసారి వెళ్ళి చూడమ్మా. నచ్చకపోతే వచ్చెయ్యి. ఆంటీ తీసుకొస్తుంది" అన్నారు. ఈ మనిషి కూతుర్ని కనుంటే ఎలా పెంచేవారో నాకు అప్పుడు తెలిసింది.

జింగ్ కుర్చీ వెనక్కి జరిపి లేచింది.

"వస్తాను. కానీ ఒకటి. నన్ను ఎలా పట్టుకోవాలో వాడికి మేడమ్ నేర్పకూడదు. నువ్వే నేర్పాలి. నువ్వే నన్ను వాడి చేతికివ్వాలి."

ఈ మాట వాడు అనుకోలేదు. వాడి మొహంలో రంగు మారిపోయింది. "సరే" అన్నాడు.

వెస్ట్ గేట్ వంతెన మీద ట్రాఫిక్ ఏ రోజూ కదలదు, ఆ రోజు మాత్రం రోడ్డంతా ఖాళీ. రోజూ తిట్టుకునే ఆ ట్రాఫిక్ కోసం ఆ పూట నేను దేవుడికి మొక్కుకున్నాను. వెనక సీట్లో ఇద్దరూ చెరో కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు.

లియామ్ మంచి కుర్రాడే. చూడగానే కోపం తెచ్చుకుందామని సిద్ధపడి వెళ్ళాను, కుదరనివ్వలేదు. భుజాలు చూస్తే తలుపుచెక్కలు, మొహం చూస్తే పాలుతాగే పిల్లాడు. నా దగ్గరికే వచ్చి "హలో ఆంటీ" అన్నాడు. జింగ్ నన్ను పిలవడం విన్నట్టున్నాడు. బోవెన్ ముందు నిలబడి, "మేట్, మీ ఇద్దరి వీడియోలు చూస్తూ పెరిగాను నేను. ఐ యామ్ రియల్లీ సారీ" అన్నాడు. బోవెన్ ఎడమచెయ్యి చాచి వాడితో చెయ్యి కలిపాడు.

ముగ్గురూ ఐసు మీదికి దిగారు. గావ్ మేడమ్ గోడ దగ్గర నా పక్కనే నిలబడింది. ఆమె ఎప్పుడూ అరుస్తూనే ఉంటుంది, ఆ రోజు చేతులు కట్టుకుని చూస్తోంది.

బోవెన్ జింగ్ చెయ్యి పట్టుకుని లియామ్ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆ చల్లటి హాల్లో ప్రతి మాటా నాకు వినబడింది.

"ఈ మణికట్టు ఒకసారి విరిగింది. ఇక్కడ బొటనవేలు నొక్కకు, అరచేయి కింద పెట్టు. కుడివైపు కొంచెం వాలుతుంది, అది తప్పు కాదు, తన పద్ధతి. నువ్వు సరిచెయ్యబోకు. దించేటప్పుడు తొందరపడకు, తనకి తొందర ఇష్టముండదు. పడితే వెంటనే లేపకు. తనే లేస్తుంది. తను లేచేదాకా పక్కన నిలబడు చాలు."

"ఓకే" అంటున్నాడు లియామ్, ప్రతిదానికీ.

"పోటీకి ముందు మాట్లాడదు. కోపమనుకోకు. భయం. చెయ్యి పట్టుకుంటే తగ్గుతుంది."

మా వైపు పెళ్ళిళ్ళలో అప్పగింతలు ఎరుగుదురు కదా. పిల్ల చేతులు పాలల్లో ముంచి అత్తమామల చేతుల్లో పెడతారు. పెంచినవాళ్ళు "చిన్నపిల్ల, తప్పులు కాచుకోండి" అంటుంటే పందిరంతా ఏడుస్తుంది. నా పెళ్ళిలో మా నాన్న పాలగిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఆ రోజు కూడా నాకింత దుఃఖం రాలేదు. ఇక్కడ సన్నాయి లేదు, పందిరి లేదు, ఏడవడానికి నలుగురు ఆడవాళ్ళు లేరు. బోవెన్ జింగ్ చెయ్యి తీసి లియామ్ అరచేతిలో పెట్టి, వాళ్ళ వేళ్ళు ఒక్కొక్కటే సరిగ్గా సర్ది, వెనక్కి జరిగాడు. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

మొదటిసారి లియామ్ ఎత్తబోయి సగంలో దించేశాడు. రెండోసారి జింగ్ కాలు తడబడి గోడదాకా జారింది. బోవెన్ అడుగు ముందుకు వేసి, ఎవరో లాగినట్టు ఆగిపోయాడు. మూడోసారి ఎగిరింది. లియామ్ చెయ్యి నిటారుగా నిలబడింది. పైన జింగ్ చేతులు రెండూ చాపి, తల వెనక్కి వాల్చి, రింకంతా చుట్టొచ్చింది. వణుకు లేదు. నాలాంటి తెలియనిదానికి కూడా తెలిసింది, అది బావుందని. అంత బావుండకపోతే బావుణ్ణు అనిపించింది, అలా అనుకున్నందుకు నామీద నాకే అసహ్యమేసింది.

గావ్ మేడమ్ రెండు చేతులతో మొహం కప్పుకుంది.

కిందికి దిగాక జింగ్ నేరుగా బోవెన్ దగ్గరికి వచ్చింది. ఆయాసపడుతోంది. నేనున్న గోడకి రెండడుగుల దూరంలో నిలబడ్డారిద్దరూ.

"బావుంది" అన్నాడు బోవెన్.

"అవును. బావుంది" అంది జింగ్. "రేపట్నుంచి నువ్వు రింక్‌కి రావద్దు."

వాడు నవ్వబోయాడు. ఆ పిల్ల నవ్వలేదు.

"ఇందాక పైన ఉన్నంతసేపూ నేను నిన్నే చూస్తున్నాను. కింద ఉన్నది వాడి చెయ్యి, నేను వెతుకుతున్నది నీ చెయ్యి. ఇలాగైతే ఎప్పుడో ఒకరోజు పడిపోతాను బోవెన్. నువ్వు చూడాలనుకుంటే నేను ఆడలేను. నేను ఆడాలంటే నువ్వు చూడకూడదు. రెండూ కుదరవు. నన్ను క్షమించు."

"పోటీలప్పుడు?" అన్నాడు.

"అప్పుడు కూడా రాకు."

వాడు కోరుకున్నది ఆ ఒక్కటే కదా, ఐసుమీద ఈ పిల్లని చూడాలని. దాన్నే అడిగి తీసేసుకుంది. ఇద్దరి తప్పూ లేదు. ఎవర్ని తిట్టాలో తెలియక నేను ఆ గోడనే పట్టుకుని నిలబడ్డాను.

"సరే" అన్నాడు బోవెన్. పొద్దున్నుంచి వాడు అన్న "సరే"లన్నిట్లోకీ అదే నెమ్మదైనది. స్కేట్లు విప్పుకుని, బూట్లు వేసుకుని, ఎవరితోనూ చెప్పకుండా బయటికి నడిచాడు. జింగ్ చూడలేదు. లియామ్ వైపు తిరిగి, "ఇంకోసారి" అంటోంది.

నేను వెనకాలే వెళ్ళేసరికి వాడు కార్‌పార్కులో నా కారు పక్కన నిలబడి ఉన్నాడు. నీళ్ళమీంచి చలిగాలి కొడుతోంది. కళ్ళు తుడుచుకుందామని కుడిచెయ్యి లేపబోయాడు, ఛాతీ దాకా వచ్చి ఆగిపోయింది. ఎడమచేత్తో తుడుచుకున్నాడు.

"ఆంటీ, నన్ను ఎయిర్‌పోర్ట్‌లో దింపుతారా? ఇప్పుడే."

"ఏంటి నాయనా, ఇప్పుడా? బట్టలు? మీ అంకుల్‌తో ఆపరేషన్ గురించి..."

"ఆపరేషన్ మా ఊళ్ళో చేయించుకుంటాను. మా అమ్మ ఉంది. టిక్కెట్ నిన్ననే తీసుకున్నాను. వాడు ఎత్తలేకపోతే మాత్రం ఉండిపోదామనుకున్నాను." జేబులోంచి పాస్‌పోర్టు తీసి చూపించాడు. "తను బయటికి రాకముందే వెళ్ళాలి ఆంటీ. తను చూస్తే నేను వెళ్ళలేను."

వద్దనడానికి నేనెవర్ని? వాణ్ణి కన్నానా, వాడి భాష వచ్చా? కానీ మూడేళ్ళు నా చేతి అన్నం తిన్నాడు. ఒక్క మాట చెప్పకుండా వెళ్ళిపోతే ఆ పిల్ల ఏమైపోతుంది? చెప్పి వెళ్ళాలంటే వీడేమైపోతాడు? ఏదీ తేల్చుకోలేక తాళం తీసి సీట్లో కూర్చున్నాను. వాడు పక్కన కూర్చున్నాడు. బెల్టు ఎడమచేత్తో అందక తిప్పలు పడుతుంటే నేనే పెట్టాను.

కారు వెనక్కి తీసి, గేటు వైపు తిప్పాను. అద్దంలో రింక్ తలుపు తెరుచుకుంది.

జింగ్. కాళ్ళకి స్కేట్లతోనే, పలచటి ప్రాక్టీసు బట్టల్లోనే సిమెంటు నేలమీద టకటకమని పరిగెత్తుకొస్తోంది. కారు ఇటు వెళ్తోందని చూసింది, చెయ్యెత్తి ఊపింది. అది ఏడుపు మొహం కాదు. చెంపలు ఎర్రబడి, పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతోంది.

"బోవెన్! చూశావా? ఇప్పుడు చేసింది చూశావా?"

రావద్దని చెప్పి గట్టిగా పావుగంట కాలేదు. బాగా వచ్చిందనగానే ఆ పిల్ల కాళ్ళు వాటంతట అవే వీడి దగ్గరికి పరిగెత్తుకొచ్చేశాయి.

బోవెన్ తల మోకాళ్ళలోకి వంచేసుకున్నాడు.

"ఆపకండి ఆంటీ" అన్నాడు. "మీకు దణ్ణం పెడతాను, ఆపకండి."

అద్దంలో జింగ్ నవ్వు మెల్లగా ఆగిపోతోంది. నా కాలు బ్రేకు మీదే ఉంది.